ఐదు వందల నలభై ఎనిమిది

ప్రహ్లాద్ చేతిలో ఉన్న టోకెను అరవై మూడు. బ్యాంకు గోడ మీది బోర్డులో నలభై ఒకటి వెలుగుతోంది. అంటే గంటకు తక్కువ పట్టదు, పోనీలే, ఎంత ఆలస్యమైతే అంత మంచిది, అసలు సర్వరు పనిచెయ్యడం లేదు రేపు రండి అంటే ఇంకా మంచిది, పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడికి డాక్టరు రాలేదని చెబితే ఎంత హాయిగా ఉంటుందో అంత హాయి. వెనక వరసలో స్తంభం చాటున ఉన్న కుర్చీ వెతుక్కుని మరీ కూర్చున్నాడు. లాల్‌దర్వాజా గల్లీల్లో సగం మందికి ఖాతాలు ఇక్కడే, పింఛన్లు ఇక్కడే, ఎవరి కంటా పడకూడదనుకునే మనిషికి ఇంతకంటే చెడ్డ చోటు ఊళ్లో ఇంకోటి లేదు, అయినా తన ఖాతా కూడా ఇక్కడే ఏడ్చింది, ఏం చేస్తాడు. చొక్కా జేబులో ఇరవై వేలున్నాయి. అన్నీ ఐదు వందల నోట్లే, పిల్ల జడకు పెట్టుకునే నల్ల రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. వంగితే పడిపోతాయేమోనని చెయ్యి జేబు మీదే పెట్టుకున్నాడు, చూసేవాళ్లకు గుండెనొప్పి మనిషిలా కనిపిస్తున్నానేమోనని తీశాడు, తీసి మళ్లీ పెట్టాడు.

ఇంతకీ దేనికయ్యా ఈ ఇరవై వేలు అంటే, క్రెడిట్ కార్డుకు. మామూలు కార్డు కాదు, మామూలు కార్డు ఇతనికి ఎవరిస్తారు. మన డబ్బు మనమే తెచ్చి బ్యాంకులో డిపాజిట్ వెయ్యాలి, దాన్ని తాకట్టుగా వాళ్ల దగ్గరే ఉంచాలి, దాని మీద వాళ్లు ఒక కార్డిస్తారు, ఆ కార్డు మీద ఉప్పో పప్పో కొని, నెల తిరిగేసరికి పైసా బాకీ లేకుండా కట్టాలి. అట్లా నెల మీద నెల, ఏడాది పొడుగునా, అయ్యా నేను కట్టేవాడినే, నన్ను నమ్మండి, అని కంప్యూటరుకు దండం పెడుతూ ఉండాలి. అప్పుడు దానికి దయ కలిగితే మార్కులు పెంచుతుంది. యాభై రెండేళ్ల మనిషి, ఛత్తా బజార్‌లో ఇరవై ఆరేళ్లుగా పెండ్లి కార్డులు అచ్చేస్తున్న మనిషి, ఎన్ని వేల ఇళ్ల పేర్లు బంగారు అక్షరాలతో వేసి ఉంటాడో లెక్కలేదు, ఇప్పుడు తన పేరు నిలబెట్టుకోవడానికి చిన్న పిల్లాడిలా పరీక్ష రాయాలి. రాయచ్చు, రాస్తాడు, పరీక్ష రాయడానికి సిగ్గెందుకు. ఫీజు కట్టింది ఎవరన్నదే సిగ్గు. పొద్దున్న చెప్పులేసుకుంటుంటే కూతురు స్రవ్య మెట్ల దాకా వచ్చి, వంటింటి వైపు ఒకసారి చూసి, నోట్లు చేతిలో కుక్కింది. లెక్కపెట్టకు బాపూ, అమ్మ చూస్తది, అంది. అంతే. పందొమ్మిదేళ్ల పిల్ల, పత్తర్‌గట్టిలో కళ్లద్దాల షాపులో నెలకు తొమ్మిది వేలకు నిలబడుతోంది, నిలబడటమే, కూర్చోనివ్వరు, సాయంత్రానికి మడమలు ఉబ్బిపోయి వస్తుంది. కళ్ల చదువు చదువుతానంది, సీటు తెచ్చుకుంది, తెచ్చుకున్న సీటు పోయింది, ఇప్పుడు అదే కళ్లద్దాల షాపులో ఫ్రేములు తుడుస్తోంది. నలభై రెండు, నలభై మూడు. ఈ బోర్డుకు ఇవాళ ఏం తొందరొచ్చిందో.

ఐదు వందల నలభై ఎనిమిది. ఇదీ టోకెనే అయితే బాగుండేది. ఆ నంబరు మొదటిసారి చూసింది నిరుడు శ్రావణంలో, ఇంకో బ్యాంకులో, పిల్ల చదువుకు లోను అడగడానికి వెళ్లినప్పుడు. తండ్రి సంతకం కావాలి, తండ్రి సిబిల్ స్కోరు, అంటే ఇదివరకటి అప్పులు ఎట్లా కట్టాడో చెప్పే మార్కులు, కావాలి. స్కోరు అంటే ఏముంటుందిలే అనుకున్నాడు, తానేం దొంగతనం చేశాడా, దోపిడీ చేశాడా. ఆధార్ జిరాక్సు ఒకటి తక్కువైందంటే బయటికి వెళ్లి తీయించుకుని వచ్చాడు, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, వచ్చేసరికి ఆఫీసరు కంప్యూటరును పిల్ల వైపు తిప్పి పెట్టి ఉన్నాడు. ఎర్ర రంగులో ఆ అంకె. పక్కన ఇంగ్లిషులో వరసగా నెలలు, ప్రతి నెల కింద ఒక గుర్తు, ఊరి మధ్యలో బట్టలిప్పి నిలబెట్టినట్టు. పిల్ల ఆ అంకెను చూసింది, తండ్రిని చూసింది, చప్పున కళ్లు దించేసుకుంది. ఆ దించుకోవడం ఉందే, ఆ ఆఫీసరు నోటికొచ్చినట్టు తిట్టినా బాగుండేది. బయటికొచ్చాక, బాపూ చెరుకు రసం తాగుదమా, అంది. తాగారు. తండ్రి కంటే ముందు పిల్లే డబ్బులిచ్చింది.

ఇంటికి పోతే భార్య నళిని గడపలోనే నిలబడి ఉంది, ఏమైంది, లోనిస్తమన్నరా అంటూ. ప్రహ్లాద్ నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నళినికి ఏమీ తెలియదు గదా, అచ్చు మిషను లోను ఎగ్గొట్టిన సంగతి తెలియదు, కార్డు బాకీ తెలియదు, తగ్గించి కట్టి బయటపడిన సంగతీ తెలియదు. కార్డు పేరెత్తితేనే మండిపడే మనిషి, తమ్ముడొకడు అందులోనే మునిగాడు. ఎక్కడ మొదలుపెట్టి ఏమని చెప్పాలి, అని అతను తడుముకుంటుంటే స్రవ్య చెప్పులు విప్పుతూ, తల ఎత్తకుండానే, ఇన్‌కం సర్టిఫికెట్ నేనే తప్పు పెట్టినమ్మా, తారీకు దాటిపోయిందంట, గడువు అయిపోయింది, అనేసింది. ఎంత సులువుగా అంది! గడగడా పాఠం అప్పజెప్పినట్టు అంది. అబద్ధం పిల్లకు అంత బాగా ఎట్లా వచ్చింది అని ఆ నిమిషంలో ఆశ్చర్యపోయాడు చూడండి, అదీ ఈ పెద్దమనిషి సంగతి. నేర్పింది ఎవరు? వసూలు వాళ్లు ఫోను మీద ఫోను చేస్తున్న రోజుల్లో, పదిహేనేళ్ల పిల్ల చేతికి ఫోనిచ్చి, బాపు ఇంట్ల లేడని చెప్పు బిడ్డా, అని సైగ చేసింది ఎవరు? లేడంకుల్, బయటికి పోయిండు, అని పిల్ల చెబుతుంటే గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టుకున్నది ఎవరు? ఆ చదువు బాగానే వంటబట్టింది పిల్లకు, దానికి లోను కూడా అక్కర్లేకపోయింది.

అప్పట్నించి నళిని తిడుతూనే ఉంది. తిట్టదా మరి. పొద్దున తిడుతుంది, సాయంత్రం పిల్ల వచ్చి కాళ్లు నీళ్లలో పెట్టుకుంటే తిడుతుంది, పక్కింటి పిల్ల కాలేజీ బస్సెక్కితే తిడుతుంది. ఒక్క కాయితం సక్కగ చూస్కోలేకపోతివి, గంత సోయి లేకపాయెనా, బంగారమసొంటి ఏడాది మట్టిల కలుపుకుంటివి, అని. పిల్ల కాళ్లు తుడుచుకుంటుంది. ఒకోసారి, తప్పైంది గదా అమ్మా, అంటుంది. కోపంతో నళిని ఇంతవరకూ ఆ కళ్లద్దాల షాపు గడప తొక్కలేదు. ఎక్కడుందో కూడా అడగలేదు. ఆ తిట్లు నడుస్తున్నంత సేపూ ప్రహ్లాద్ ఏం చేస్తాడు? అన్నం తింటాడు. పప్పు కలుపుకుంటాడు, పచ్చడి నంజుకుంటాడు, ఇంకాసింత చారు పొయ్యి అంటాడు. ఒకరోజైతే, పోనీలేవే ఎన్నిసార్లంటవ్, అని నళినినే మందలించాడు, పెద్ద ధర్మరాజులాగా. అప్పుడు పిల్ల అతని వైపు కృతజ్ఞతగా చూసింది. కృతజ్ఞతగా! థూ. గుర్తొస్తే బ్యాంకు అని కూడా చూడకుండా పైకే అనేశాడు, ముందు కుర్చీలో ఉన్న బురఖా ఆవిడ వెనక్కి తిరిగి చూసి, ఇంకో కుర్చీలోకి జరిగింది.

నలభై తొమ్మిది. తప్పు ఎక్కడ జరిగిందని ఎన్నిసార్లు వెనక్కి నడిచి వెతుక్కున్నాడో. ఎగ్గొట్టాలని ఏనాడూ అనుకోలేదే! కొత్త మిషను కొని ఏడాది తిరగలేదు, కరోనా వచ్చి పడింది. పెండ్లిళ్లు ఆగిపోయాయి, అచ్చేసిన కార్డులు కట్టలు కట్టలుగా మూలపడ్డాయి, అడ్వాన్సులు వాపసు ఇమ్మని జనం షట్టరు కొట్టారు. తర్వాత పెండ్లిళ్లు మొదలైనా కార్డులు మొదలుకాలేదు, ఫోన్లో బొమ్మ పంపిస్తే సరిపోతుందని అందరికీ తెలిసిపోయింది. అయినా పనివాళ్లకు పస్తు పెట్టలేదు, క్రెడిట్ కార్డు గీకి బియ్యం కొనిచ్చాడు. కాగితాల వ్యాపారి గఫార్ భాయ్‌కి లక్షా పది వేలు బాకీ, రూపాయి తక్కువ లేకుండా తీర్చాడు. ఛత్తా బజార్‌లో పద్ధతే అది. రాతకోతలుండవు. బాకీ ఉన్నవాడు తనంత తానే దుకాణానికి వెళ్లాలి, మొహం దాచుకోకూడదు, ఫలానా పండగ దాకా ఆగు భాయ్ అనాలి, అవతలివాడు చాయ్ తెప్పించాలి. ఆ చాయ్ తాగారా, గడువు ఖాయం. ఇక ఆ పండగ దాకా ఎవరూ ఎవరినీ అడగరు, ఎదురుపడితే సలాములే. చాయ్ తెప్పించలేదంటే మాత్రం ఒప్పుకోలేదని అర్థం, లేచి వెళ్లి ఎక్కడో అక్కడ పుట్టించి తేవాలి. తాత నాటి నుంచీ అంతే. గఫార్ భాయ్ చాయ్ కప్పు చేతికిచ్చి, ఆప్ కీ జబాన్ కాఫీ హై ప్రహ్లాద్ భాయ్, అన్నాడు, నీ మాట చాలు అని. చాలింది కూడా.

మరి బ్యాంకుకు కూడా అట్లాగే వెళ్లాడు గదా, దేవుడా. మొహం దాచుకోలేదు, మాస్కు పెట్టుకున్నాడంతే. లోనిచ్చిన బ్యాంకుకు వెళ్లి మేనేజరు ముందు నిలబడి, సార్, పెండ్లిళ్లు లేవు, దసరా దాక ఆగుర్రి, ప్రహ్లాద్ మాటంటే మాట, అన్నాడు. ఆ మేనేజరు కోస్తా మనిషి, మర్యాదస్థుడు. సరేనండీ చూద్దాం, కూర్చోండి, అని బెల్లు కొట్టి టీ తెప్పించాడు. టీ వచ్చింది. ప్రహ్లాద్ తాగాడు. గాజు గ్లాసులో చివరి చుక్క దాకా తాగి, గుండెల మీంచి బండ దిగినట్టు బయటికొచ్చి, చార్మినార్ దాకా నడిచి, పిల్లకు జామకాయలు కొనుక్కుని ఇంటికెళ్లాడు. గడువు ఖాయమైంది గదా! నాలుగు నెలలు నిశ్చింతగా ఉన్నాడు. దసరాకు నాలుగు కిస్తులూ ఒక్కసారే పట్టుకుని, ఒక మిఠాయి డబ్బా కూడా పట్టుకుని వెళ్లాడు. మేనేజరు బదిలీ అయిపోయాడు. కొత్తావిడ కంప్యూటర్లో చూసి, నాలుగు నెలలు ఎగ్గొట్టినట్టుందండి, అంది. ఎగ్గొట్టడమేంది మేడం, చెప్పిన గదా, సార్ చాయ్ కూడా తాపిండు, అన్నాడు. ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అట్లా అన్నానే అని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలిపోతాయి. ఆ తర్వాత జరిమానాలు, వడ్డీ మీద వడ్డీ, రెండోసారి కరోనా, కొత్త మిషనును బ్యాంకువాళ్లు పట్టుకుపోతే అమ్మేశానని ఇంట్లో చెప్పుకోవడం, అన్నీ అయ్యాక కార్డు బాకీకి ఒక ఏజెంటు వచ్చి, సగం కట్టు, ఫైలు మూసేస్తం, అంటే కట్టేసి పీడ వదిలిందనుకున్నాడు. బజార్లో పదిమంది ముందు తగ్గించుకుని తీర్చుకున్న బాకీని మళ్లీ ఎవరూ ఎత్తరు, ఎత్తితే ఎత్తినవాడికే తప్పు. కంప్యూటరు ఏడేళ్లు ఎత్తుతుందట. గఫార్ భాయ్ దగ్గర నూటికి నూరు, కంప్యూటరు దగ్గర ఐదు వందల నలభై ఎనిమిది. ఒకటే మనిషి.

"ఏంది ప్రహ్లాద్, గీడ గూసున్నవ్?"

ఉలిక్కిపడ్డాడు. ఎదురింటి వాసవాంబ పెద్దమ్మ, పింఛను పాసుబుక్కు పట్టుకుని నిలబడి ఉంది. ఈమెకు చెబితే గల్లీ మొత్తానికి మైకులో చెప్పినట్టే. ప్రహ్లాద్ చెయ్యి మళ్లీ జేబు మీదికి పోయింది, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

"ఏం లేదు పెద్దమ్మా, స్రవ్య సదువుకు గిన్ని పైసలు డిపాజిట్ చేద్దామని వచ్చిన."

"సల్లగుండు బిడ్డా. ఆడపిల్లకు ఇట్ల ముందుసూపుతోని దాసిపెట్టే తండ్రులు ఎంతమంది ఉన్నరు చెప్పు? ఆ పిల్లనే సోయి లేనిది, కాయితం పోగొట్టుకున్నదంట గదా, నళిని చెప్పింది."

అవునని తలూపాడు. ఊపాడు, నిజం! మెడ దానంతటది ఊగింది. పెద్దమ్మ కౌంటరు వైపు వెళ్లిపోయింది, ఆమె చెప్పులు టపటపలాడుతూ వెళుతుంటే, పిలిచి చెప్పెయ్యాలని ఒక ఊపు వచ్చింది, కాయితం పోలేదు పెద్దమ్మా, అని, వచ్చిన ఊపు వచ్చినట్టే పోయింది. అంటే గల్లీ అంతా ఇదే మాటన్నమాట. రేపు ఎవరైనా సంబంధం అడగడానికి వస్తే కూడా, పిల్ల మంచిదే గానీ కొంచెం సోయి తక్కువ, అంటారు. తన స్కోరు పిల్ల మీద ఎక్కించి, పిల్ల డబ్బుతో తన స్కోరు దిద్దుకోవడానికి వచ్చి కూర్చున్నాడు. ఇంతకంటే దిగజారడానికి ఇంకేమైనా మెట్టుందా అని చూస్తే లేదు, ఇదే నేల. అరవై రెండు. అరవై మూడు. బోర్డు రెండుసార్లు కూసింది, అరవై మూడు, అరవై మూడు ఉన్నారా అని ఎవరో పిలిచారు, అప్పుడు లేచాడు.

కౌంటర్లో పిల్ల పేరు సుచరిత, చొక్కాకు పెట్టుకున్న బిళ్ల మీద రాసి ఉంది. స్రవ్య కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. పిల్ల లోను కోసం స్కోరు దిద్దుకోవాలని గొణిగితే దయగా మాట్లాడింది, అదొక బాధ. "ఇప్పుడు మస్తు మంది ఇదే చేస్తున్నరు అంకుల్, ఫికర్ చెయ్యకండి. ఇరవై వేలకు పద్దెనిమిది వేలు లిమిట్ ఇస్తం. మీరు మాత్రం నాలుగైదు వేలు దాటి వాడకండి. గడువు కంటే వారం ముందే మొత్తం కట్టేయండి. ఏడాదిల స్కోరు మంచిగ లేస్తది, పాప లోనుకు పనికొస్తది." రబ్బరు బ్యాండు తీసి అతని చేతికిచ్చి నోట్లు మిషనులో పెట్టింది. టకటకా లెక్కైపోయాయి. పన్నెండు నెలల ఉబ్బిన మడమలు పది సెకండ్లు కూడా పట్టలేదు. సంతకాలు పెట్టించుకుంది, కీబోర్డు మీద ఏదో కొట్టింది. "ఓటీపీ వచ్చింది చూడండి అంకుల్."

చూశాడు. రాలేదు. మళ్లీ చూశాడు. సుచరిత కంప్యూటరు మీంచి చివరి మూడు అంకెలు చదివింది. అది నళిని ఫోను. పదేళ్ల కిందట ఖాతా తెరిచిన రోజుల్లో ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, ఆ నంబరే ఇచ్చాడు, ఆ ఫోనే ఇప్పుడు నళినిది. నంబరు మార్చుకోవచ్చంకుల్, అప్లికేషను ఇస్తే రెండ్రోజులు, అంటోంది సుచరిత, ఆ మాట చెవికి అమృతంలా ఉంది, రెండ్రోజులు, మార్చుకుని గుట్టుగా మళ్లీ రావచ్చు, సగం లేచాడు కూడా. అప్పుడు ఫోను మోగింది. నళిని.

"ఏమయ్యా, నా ఫోనుకు ఏందో మెసేజ్ వచ్చింది. క్రెడిట్ కార్డు అని ఇంగ్లీషుల ఉంది, నీ పేరుంది. ఎవడో దొంగోడు నీ పేరు మీద కార్డు తీస్తున్నట్టుంది. నువ్వు జల్ది బ్యాంకుకు పొయ్యి చెప్పు."

ఎంత మంచి దారి! తలుపు తీసి మరీ చూపిస్తోంది. అవునే, దొంగోడే, నేను చూసుకుంటలే, అంటే చాలు, ఏడు మాటలు కూడా అక్కర్లేదు, సాయంత్రం ఇంటికెళితే భర్త జాగ్రత్తపరుడని చారు ఇంకో గరిటె ఎక్కువే పోస్తుంది. పక్కన కూర్చుని పిల్ల తిట్లు తింటూ ఉంటుంది. నాలుక మీదికి వచ్చేసింది ఆ మాట. నళిని అవతల ఊపిరి తీసుకుంటోంది, భయపడుతోంది అతని కోసం, పాపం.

"దొంగోడు కాదు నళినీ. నేనే."

"ఏంది?"

"నేను బ్యాంకులనే ఉన్న. కార్డు నేనే తీస్తున్న. నిరుడు లోను రాకపోయింది కాయితం వల్ల కాదు. కాయితాలన్నీ సక్కగనే ఉండె. నేను అప్పు కట్టక, నా పేరు కరాబై, దాని లోను ఆగింది. నువ్వు అడిగితే నాకు నోరు రాలే. పిల్ల మీదేసుకుంది. ఈ పైసలు గూడ పిల్లవే." గొంతు తగ్గించాలని తోచలేదు. క్యూలో వాళ్లు వింటున్నారు, వాసవాంబ పెద్దమ్మ పాసుబుక్కు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది, విననీ.

కట్టయిందేమోనని ఫోను చూసుకున్నాడు, కాలేదు.

"ఏడాది తిట్టిన దాన్ని," అంది నళిని. "నువ్వు పక్కన కూసోని తిన్నవ్."

"తిన్న," అన్నాడు ప్రహ్లాద్.

సుచరిత గొంతు సవరించుకుని, ఓటీపీ టైం అయిపోతది అంకుల్, అంది మెల్లగా. నళినికి వినబడింది. ముక్కు ఎగబీల్చుకుని చదవడం మొదలుపెట్టింది, ఆరు, రెండు, తొమ్మిది, మధ్యలో ఆగింది, ఏడ్చింది, మళ్లీ రెండు, సున్న, నాలుగు. ఒక్కో అంకెనూ ప్రహ్లాద్ పైకి అప్పజెప్పాడు, సుచరిత కొట్టింది. అయిపోయిందంకుల్, కార్డు వారంల ఇంటికొస్తది, అంది.

"అయిపోయిందంట," అన్నాడు ఫోనులో.

"దాని షాపు ఎక్కడ?"

"పత్తర్‌గట్టిల. మసీదు సందు దాటినంక ఎడమ చేతికి, నీలం బోర్డు. నేనొచ్చి తీస్కపోత, ఆగు, నేను…"

"నేను పోత. నువ్వు రాకు."

సరే అన్నాడు. అప్పటికే ఫోను పెట్టేసింది.